పూత ఆపిన పాపం

సోమవారం, తెలంగాణ బంద్.

మా పెద్ద డాక్టరు మనిషి నోరు విప్పగానే ఆంధ్రానో తెలంగాణానో చెప్పేస్తాడు. మచ్చ చూసి మాత్రం ఏ జబ్బో చెప్పలేడు. బోరబండ యాదమ్మ నడుం మీది మచ్చలకు తామరని పేరుపెట్టి, ఏళ్లపాటు స్టెరాయిడ్ పూత రాయించాడు. పూత ఆపకుండానే చర్మం ముక్క తీసి నా ల్యాబుకు పంపేవాడు. పూత వాడుతుంటే జబ్బు మైక్రోస్కోపుకు కూడా దొరక్కపోవచ్చని తెలియని మహానుభావుడు! చివరికి నేనే పట్టుబట్టి పూత మాన్పించి, కొన్ని వారాలాగి మళ్లీ ముక్క తీయించాను. చర్మానికి వచ్చే అరుదైన లింఫోమా అని తేలింది. క్యాన్సరే.

బస్సుల్లేక యాదమ్మ ఇవాళ కొండాపూర్‌లోని మా ఆసుపత్రి దాకా నడిచొచ్చింది. నేను రిపోర్టు చెప్పగానే పక్కనే ఉన్న పెద్ద డాక్టరువైపు తిరిగింది.

"మేడమ్ మందు బంద్ చేయించినంకనే గిది క్యాన్సరైంది గదా సారూ?"

ఆయన కాదనలేదు. విచారంగా తలూపాడు.