ముదురుగా పడిన అక్షరం

అమ్మా,

నేను కులాసాగానే ఉన్నాను గాని కోపంతో ఒళ్లు మండిపోతోంది, అందుకే ఈ కార్డు.

టైపు మిషను మీద ఏ అక్షరం ఏ వేలితో కొట్టాలో లెక్క ఉంటుంది. ఇంగ్లీషు ‘ఎ’ అక్షరం ఎడమ చిటికెన వేలిది. ఆ వేలికి బలం తక్కువ కనక అందరి కాగితాల్లోనూ అది వెలిసిపోయినట్టు పడుతుంది. నాది ముదురుగా పడింది. మాస్టారు కాగితం చూశారు గాని నా చెయ్యి చూడలేదు. “చూపుడు వేలితో కొట్టి నాటకాలా? పరీక్ష ఫారం మీద సంతకం పెట్టను” అన్నారు, అందరి ముందూ. మూడు నెలలుగా మీటల వంక చూడకుండా కొడుతున్నదాన్ని దొంగని చేశారు.

నేను ఊరుకోలేదు. “పక్కన నిలబడి చూడండి మాస్టారూ” అని పేజీ అంతా మళ్లీ కొట్టాను. ప్రతి ‘ఎ’ ముదురుగానే పడింది.

“చిటికెన వేలికి ఇంత బలం ఎక్కడిదమ్మా?”

“పదేళ్లు ఆవు పాలు పితికానండి.”

సంతకం పెట్టారు. పొరపాటైందన్న ముక్క మాత్రం ఆయన నోట రాలేదు. ఈ కార్డు దారిలో ఎవరు చదువుకున్నా నాకు బెంగ లేదు.

దూడ కోలుకుందా? నా గళ్ల దుప్పటి పంపించు. నాన్నను అడిగానని చెప్పు. చెల్లికి పాలు పితకడం నేర్పుతున్నావట. అది చిటికెన వేలు ఎత్తి పెట్టుకుంటుంది. నాకు నేర్పినట్టే పక్కన కూర్చుని నేర్పు. తిట్టాల్సి వస్తే, చెయ్యి చూశాకే తిట్టు.

నీ పెద్దమ్మాయి