అంగీ అంచు

అక్కా,

నేను బాగానే ఉన్నాను, కుట్టుపనీ బాగానే సాగుతోంది. పాప జ్వరానికి నువ్వడిగిన అంగీ ముక్క మాత్రం పంపను, కోపగించుకోకు.

నేను వేషాల బట్టలు కుట్టే మా పాటల నాటకం రోజూ హౌస్‌ఫుల్లే. అందులో దేవుడి పేరే రాదు. తెల్ల అంగీ వేసుకున్నాయన "వెలుగు నీలోనే ఉంది" అని పాడుతూ వేదిక మీద రోగుల్ని లేపి నిలబెడతాడు. చూసినవాళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా కావలించుకుని ఏడుస్తారు.

పోయిన నెల ఒకామె నా కుట్టుగదికి వచ్చి, కూతురికి జ్వరమని, ఆ అంగీలో చిన్న ముక్క ఇమ్మని కాళ్ళు పట్టుకుంది. అది నేను పాత కర్టెను చింపి కుట్టిందని నోటిదాకా వచ్చింది. చెప్పడానికి మనసొప్పక, లోపలి అంచున వేలెడంత ముక్క కత్తిరించి ఇచ్చాను.

నిన్న మళ్ళీ వచ్చింది. పిల్ల పోయిందట. డాక్టరుకి చూపించలేదా అంటే, "ఇది ఉంది కదా అని ఆగామమ్మా" అంది. ఆ ముక్కకి పోగులూడకుండా చుట్టూ సన్నగా కుట్టి, ఇస్త్రీ చేసి తెచ్చింది. "మళ్ళీ అతికించు, ఇంకొకరికి పనికొస్తుంది. మాలోనే వెలుగు చాల్లేదేమో" అంది.

పాపకి జ్వరం తగ్గిందా? తగ్గకపోతే ఈ కార్డు చేతికందిన పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. బావకి సెలవు దొరకలేదని కూర్చోకు. నేనక్కడ వదిలొచ్చిన ట్రంకుపెట్టెలో మందపాటి దుప్పటి ఉంది, పాపకి కప్పు. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?

బావకి నమస్కారాలు, పాపకి ముద్దులు. కార్డులో చోటైపోయింది. ఇవాళ పొద్దున ఇంకొకామె ముక్క కోసం వస్తే, అది పాత కర్టెనని చెప్పేశాను. నమ్మలేదు. నువ్వైనా నమ్ము.

నీ చెల్లి