తాతను నేలకు దించిన మంగళవారం

అఫ్జల్‌గంజ్, ఆగస్టు 1978

చిరంజీవి కమలినికి, మీ తాత క్షేమం. ఇది ముందే రాస్తున్నాను, లేకుంటే మిగతాది చదవకుండా ఏడుస్తావు.

మంగళవారం ఆసుపత్రిలో ఆయన ఊపిరి ఆగింది. మంచం మీద ప్రాణం పోతే దోషమని ఆయన చెల్లెలు రమాబాయి, నేనూ కలిసి నేలకు దించాం. తులసితీర్థం పోయబోతే నర్సు కరుణమ్మ ఉరికొచ్చి చెంబు లాక్కుని, రెండు చేతులతో ఆయన రొమ్ము అదమసాగింది.

"ముసలాయనను గట్ల కుమ్ముతవేందే?" అన్నాను.

"దించి మంచిగ చేసిన్రు అమ్మా. మంచం మీదైతే పరుపు అణుగుతది, గుండె అణగదు" అంది.

డాక్టరు వచ్చేసరికి తాత మూలిగాడు. ఇప్పుడు ఎముకలు నొప్పని ఆమెనే తిడుతున్నాడు.

మీ నర్సింగ్ స్కూల్లో ఈ విద్య నేర్పారా? నేర్పకపోతే టీచరమ్మను విసిగించైనా నేర్చుకో. నా వంతు వచ్చిన రోజు, పక్కన ఎవరు తిట్టినా ఆపకు.

దీవెనలతో,
నానమ్మ