ఎదురుపక్క వకీలే కావాలి

చిత్తూరు వకీలు పరంధామయ్యకు ఐరాల చెంగమ్మ చెప్పి రాయిస్తున్నది. నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఇంట్లో నేనూ, ఒక ఆవూ ఉంటాము.

బావి కేసులో నువ్వు మా మరిది తరఫున నిలబడి, బోనులో నన్ను అబద్ధాలకోరును చేసినావు. హైకోర్టు అప్పీలులోనూ నన్నే ఓడించినావు. అప్పుడు నిన్ను తిట్టిన తిట్లలో ఒక్కటీ వెనక్కు తీసుకోను.

ఇప్పుడు నా కొడుకు మునిచంద్ర పింఛను కాగితమని చెప్పి, నా చేత వేలిముద్ర వేయించి, ఇల్లు తన పేర రాయించుకున్నాడు. నన్ను బయటికి పొమ్మంటా ఉండాడు. నా పాత వకీలేమో, "కొడుకే కదవ్వా, రాజీ పడు" అంటాడు. వాడి రాజీ వాడి దగ్గరే పెట్టుకోమను. నాకు నువ్వు కావాలప్పా. నిజం చెప్పిన నాకే మూడు చెరువుల నీళ్లు తాగించినావే, అబద్ధమాడేవాడిని ఏం చేస్తావో నేను కూర్చుని చూడాల.

ఇది చెంగమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: పక్కింటి రూతు, ఉత్తరం రాసిన జయరావు.