బస్సెక్కిన రొట్టె

గాల్వే, మంగళవారం

ఏమయ్యా మలకీ,

మా చెల్లెలు యూనా కాలు విరగ్గొట్టుకుని కూర్చుంది. రొట్టెల పోటీ నాటికి నేను మన లీట్రిమ్ రాలేను. కప్పు ఆ ఎదురింటి ఫిలోమినా గిల్‌హూలీకి పోతే ఊళ్ళో తలెత్తుకోలేను. నా పేరు మీద సోడా రొట్టె నువ్వే చెయ్యి. పిండి, ఉప్పు, సోడా, పుల్ల మజ్జిగ, అంతే. ఎక్కువ పిసక్కు. పైన కత్తితో సిలువ గీస్తే లోపల దూరిన అల్లరి మాయపిల్లలు బయటికి పోతారని పెద్దలంటారు. కాలాక అడుగున తట్టి చూడు, డొల్లగా మోగాలి.

నీ భార్య,
అట్రాక్టా

తా.క. తట్టేది రొట్టెనే.

*

శుక్రవారం

నా అట్రాక్టాకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. తొట్టి పక్కనున్న సోడా గుప్పెడు వేశాను. నురగ పొయ్యి దాకా పొంగింది. మన కుక్క వాసన చూసి మంచం కిందికి దూరింది, ఇంకా రాలేదు.

నీ మలకీ

తా.క. మాయపిల్లల కోసం తలుపు తీసి నిలబడ్డాను. ఎవరూ పోలేదు. పక్కింటి పిల్లి లోపలికొచ్చింది.

*

ఆదివారం

ఓరి నాయనోయ్ మలకీ!

అది చాకలి సోడా! నీ చొక్కాలుతికేది! నువ్వు తినలేదు కదా? తినే సోడా అలమారలో ఉంది. అరచెంచా చాలు.

గుండె దడతో,
అట్రాక్టా

తా.క. కుక్కకి నా తరఫున క్షమాపణ చెప్పు.

*

బుధవారం

అట్రాక్టా,

శుభవార్త! రొట్టె కుదిరింది. మొదటిది మాడితే ఆ వాసనకి ఫిలోమినా పరుగెత్తుకొచ్చింది. "అదేం పిసకడం మలకీ, కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో" అని చేయి పట్టి చూపించింది. రోజూ వస్తోంది.

సంతోషంతో,
మలకీ

తా.క. ఆవిడ తన రొట్టెలో ఎండుద్రాక్ష కూడా వేస్తుందట.

*

శుక్రవారం

మలకీ,

చదువుతూ చూసుకోకుండా యూనా కాలి కట్టు మీద కూర్చున్నాను. దాని కేకకి వీధంతా వచ్చింది. నా వంటింట్లో ఫిలోమినా! నా గిన్నెలో దాని చెయ్యి! ఎండుద్రాక్ష! నువ్విక పిండి ముట్టుకోకు. రొట్టె నేనే ఇక్కడ చేసి ఈ ఉత్తరంతో పాటు రేపు శనివారం బస్సులో పంపుతాను. ఆదివారం పోటీలో అదే పెట్టు.

అట్రాక్టా

తా.క. చెయ్యి ఎంతసేపు పట్టుకుంది?

*

సోమవారం

అట్రాక్టా, ముందు కూర్చో.

నీ రొట్టె నీ పేరుతోనే పెట్టాను. ఫిలోమినా తనది పెట్టింది. నేను టీలోకని నా చేత్తో చేసింది రుమాల్లో కట్టుకెళ్ళాను. తీర్పు చెప్పే ఫాదర్ ఆంబ్రోస్ చూసి, "బల్ల మీద చోటుంది, అదీ పెట్టవయ్యా" అన్నారు. ఫిలోమినా ఎండుద్రాక్ష రొట్టెని "ఇది రొట్టె కాదమ్మా, కేకు" అని పక్కకి జరిపారు. నీది కోయబోతే బస్సులో ఎండిపోయి కత్తి దిగలేదు. నాది రెండు ముక్కలు తిన్నారు. కప్పు నాకిచ్చారు.

ఫిలోమినా బెంచీ మీద కూలబడి, "ఇది అట్రాక్టాకి ఎవరు చెప్తారు?" అంది. ఊరంతా నా వంక చూసింది.

భయంతో, అయినా కొంచెం గర్వంతో,
మలకీ

తా.క. నువ్వు కౌగిలించుకోవడానికే వచ్చినా, కొట్టడానికే వచ్చినా, వచ్చే వేళ రాయి. వేడి రొట్టె, వెన్న సిద్ధంగా పెడతాను.