చివరి పడవ వేళ

హెడ్‌క్లర్కు గారికి,

సెలవులో కుటుంబంతో వచ్చాను కదా, రాత్రి పది దాటి పది నిమిషాలకు రైలు దిగాం. హోటల్ ఏటికి అవతల ఉంది. రేవుకు పరుగెత్తాం. మన శాఖవారి చివరి పడవ పదింటికే వెళ్ళిపోయిందట. ఎదురుగా హోటల్ దీపాలు చూస్తూ, పొద్దున మొదటి పడవ దాకా బెంచీ మీదే కూర్చున్నాం.

మా అత్తగారు వేళల బోర్డు కింద ఉన్న సంతకాన్ని అచ్చం అలాగే కాగితం మీద దించుకున్నారు. "మీ ఆఫీసే కదా అల్లుడుగారూ, రైలు రాకముందే పడవ పంపేసే ఈ మహానుభావుడెవరో కాస్త కనుక్కోండి" అన్నారు. కనుక్కుంటానన్నాను.

చివరి పడవను పదిన్నరకు మార్చమని మూడేళ్ళుగా జనం పెట్టుకున్న అర్జీలన్నీ నా బల్ల కింది సొరుగులో ఉన్నాయి. దుమ్ము దులిపి, వాటిలో న్యాయం ఉందని నోట్ రాసి ఉంచండి. ఆ న్యాయం మనకు ఎప్పుడు కనిపించిందో మాత్రం రాయకండి.

తెల్లవార్లూ కూర్చుని అత్తగారు కూడా ఒక అర్జీ రాశారు. రేపో మాపో టపాలో వస్తుంది. 'పరిశీలనలో ఉంది' అనే మన మామూలు జవాబు ఆవిడకు పంపకండి. దాని కింద కూడా నా సంతకమే ఉంటుంది.