చెన్నమ్మాళ్ వీపు

కోయంబత్తూరు,
ఆగస్టు 3

ప్రియమైన బావకు,

చెన్నమ్మాళ్ రాయడం. నేను క్షేమం, నా మోకాళ్ళు కూడా క్షేమం. ఫోన్ చేస్తే నువ్వు దాన్ని స్పీకర్లో పెట్టి అరుస్తావు, కంబంలో ద్రాక్ష కోసేవాళ్ళందరూ మన కాపురం వింటారు. అందుకే ఈ జాబు. పెళ్ళైన కొత్తలో నువ్వు పట్టుబట్టి నేర్పిన తెలుగు అక్షరాలు ఈ తమిళనాట మన ఇంట్లో మనిద్దరికే వచ్చు. లక్ష్మిప్రియ ఇప్పుడే ఈ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నన్ను గురించేనా అమ్మా రాస్తుండేది?" అని అడిగి పోయింది. తమిళమూ ఇంగ్లీషూ చదివిన బిడ్డ, పాపం.

ఈ నెలాఖరున అది ఇక్కడ ఒక పెద్ద హాలులో తన బొమ్మలు పెడుతోంది. రంగుల బొమ్మలు కావు. నేల, ఒళ్ళు, మనం ఎవరం అనే సంగతుల మీద మట్టితో చేసేవి. వచ్చిన రోజే నా కాళ్ళ పగుళ్ళు చూసి మురిసిపోయింది. నేను మందు రాసుకోబోతే చేతిలోంచి లాక్కుంది. నిన్న నా వీపుకు కొబ్బరినూనె పూసి, ఎముక విరిగినవాళ్ళకు వేసే కట్టు లాంటి గుడ్డలు తడిపి మెడ నుంచి నడుము దాకా అతికించింది. అరగంట కదలకూడదు అంది. సరిగ్గా అప్పుడే నాకు తుమ్ము వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి అతికించింది. గట్టిపడ్డాక ఊడదీస్తే అది అచ్చు. అందులో మట్టి మెత్తి తీస్తే నా వీపే వస్తుందట. దాన్ని హాలు నడిమధ్య నిలబెడుతుందట.

దానికి మన కింది చేని మన్నే కావాలని పట్టుబట్టింది. మూడు మూటలు, ఎరువు కలవని ఉత్త మన్ను. మన నరసింహన్ వారానికి రెండుసార్లు ద్రాక్ష లారీ తోలుకొస్తాడు కదా, వాడి చేత పంపించు.

ఇట్లు,
ఒళ్ళంతా నూనె జిడ్డుతో,
నీ చెన్నమ్మ


కంబం,
ఆగస్టు 7

చెన్నమ్మకు,

తిరుమలసామి రాయడం. నీ జాబు తోటలో నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివాను. వీపు అని రాశావు. రవిక ఉందో లేదో రాయలేదు. రాయలేదంటే లేదనే అర్థం చేసుకున్నాను.

కోయంబత్తూరులో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో నీకు తెలియదా. మిల్లు సామాన్ల వ్యాపారం చేసే కల్యాణసుందరం అన్న మన సంఘానికి పెద్ద. ఆయన ఇంటిల్లిపాదీ వచ్చి చూస్తారు. చూసి, ఇది తిరుమలసామి పెళ్ళాం వీపు అంటారు. రేపు సంఘం కూటంలో నేను ఎక్కడ కూర్చోవాలి? మొహం బొమ్మ చేసుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు, అది అందరూ చూసిందే.

బిడ్డ చదువుకు నేను ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. వేప బెరడు చేతులకు కట్టుకుని తానే చెట్టునంటూ ఎండలో మూడు గంటలు నిలబడితే, అది కూడా కళే కాబోలని ఊరుకున్నాను. ఇది ఊరుకునే సంగతి కాదు. మట్టి పంపను. వచ్చే లారీలో నువ్వు ఎక్కి వచ్చెయ్. ఇక్కడ రసం నేనే కాస్తున్నాను. నిన్నటి రసం కుక్క వాసన చూసి వెళ్ళిపోయింది.

ఇట్లు,
తిరుమలసామి


కోయంబత్తూరు,
ఆగస్టు 10

ప్రియమైన బావకు,

రవిక లేదు. రవిక మీద అచ్చు తీస్తే వచ్చేది రవిక. తలుపు గడియ వేసి మన బిడ్డ ఒక్కతే చేసింది, నువ్వు హైరానా పడకు.

ఒక సంగతి చెప్తాను, నవ్వకు. అచ్చు తీశాక నా వీపు నేను మొదటిసారి చూశాను. ఎడమ భుజం కిందికి దిగి ఉంది, బుట్ట మోసిన వైపు. నడుము దగ్గర ఒక గుంట. బిడ్డ దాని మీద చెయ్యి పెట్టి, "ఇదేందమ్మా?" అంది. "నువ్వు కడుపులో ఉండంగా నాట్లు వేస్తిని, అదే" అన్నాను. అది ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, గర్వంగా అనిపించింది. ఇన్నేళ్ళలో నన్ను ఇంతసేపు ఎవరూ చూడలేదు బావా. నువ్వూ చూడలేదు. నీ తప్పని అనను, మనకు తీరిక ఎక్కడిది.

నేను ఆ హాలులో నిలబడాలి. ఇది బిడ్డ ముచ్చట కాదు, నాది. పద్దెనిమిదిన మట్టి మెత్తుతుంది, ఇరవై ఐదున హాలు తెరుస్తారు. నువ్వు పంపకపోతే ఇక్కడే మొక్కలు అమ్మే చోట మన్ను కొంటుంది. అప్పుడు ఎవరి చేనో నా వీపు అవుతుంది. నీకు సమ్మతమైతే సరే.

రసంలో చింతపండు తగ్గించు.

ఇట్లు,
నీ చెన్నమ్మ


కంబం,
ఆగస్టు 14

చెన్నమ్మకు,

మూడు మూటలు నరసింహన్ లారీలో వేశాను. పద్దెనిమిది నుంచి ఇరవై ఐదు అంటే వారం. వారం చాలు.

బిడ్డకు చెప్పు. మన మన్ను జల్లెడ పట్టకూడదు, పడితే జిగట పోతుంది. మెత్తాక తడి గోనె కప్పాలి, లేకపోతే నెర్రెలు విడుస్తుంది. పొద్దునా సాయంత్రమూ నీళ్ళు చల్లాలి. ఒక్క పూట కూడా మరవకూడదు. గోనె ఊరికే ఎత్తి ఎత్తి చూడకూడదు.

నాకు కోపం లేదు.

ఇట్లు,
తిరుమలసామి


కోయంబత్తూరు,
ఆగస్టు 26

బావకు,

ప్రియమైన అని ఈసారి రాయను.

హాలు తెరిచే ముందు రోజు గోనె తీస్తే నా వీపంతా ఉలవ మొక్కలు. నాలుగు వేళ్ళ ఎత్తు. భుజాల మీద దట్టంగా, నడుము మీద ఇంకా దట్టంగా. లక్ష్మిప్రియ నేల మీద చతికిలపడింది. దానికి కావలసింది ఎండిన నేల, అలసిన ఒళ్ళు. పీకుదామంటే గడువు లేదు, తొందరపడితే మట్టి ఊడివస్తుందని భయం. హాలు చూసుకునే జెనిఫర్ మాత్రం బాగుంది, ఉండనీ అంది. అలాగే తెరిచారు.

జనం బాగా వచ్చారు. ఒక గడ్డమాయన నా చుట్టూ రెండుసార్లు తిరిగి, స్త్రీయే ప్రకృతి అని పది నిమిషాలు మాట్లాడాడు. కల్యాణసుందరం అన్న భార్య కోమలవల్లి వచ్చి, "ఇదేంది వదినా, నీ వీపున పైరు ఏసిండారే. ఎవురు ఏసింది?" అని అడిగింది.

ఎవరు వేశారో నాకు తెలుసు. కింది చేనిలో పదేళ్ళుగా అరటి తప్ప మరొకటి పెట్టలేదు. ఉలవలు వాటంతట అవి మూటల్లోకి నడిచి రావు. రవిక లేదని నేను రాశాను, నువ్వు కుట్టి పంపావు.

అందరూ మెచ్చుకున్నారు. ఆ భుజం ఎవరికీ కనబడలేదు. ఆ గుంటా కనబడలేదు. నాకు చాలా కష్టంగా ఉంది బావా. ఒక్కసారి నిలబడతానంటే అది కూడా కప్పేశావు. ఇంటికి ఎప్పుడు వస్తానో చెప్పలేను.

చెన్నమ్మాళ్


కోయంబత్తూరు,
ఆగస్టు 30

ప్రియమైన చెన్నమ్మకు,

హాలులో నీ వీపు పక్కనే నేల మీద కూర్చుని రాస్తున్నాను. కాగితం జెనిఫర్ ఇచ్చింది. దీన్ని బిడ్డ చేతికిచ్చి నీ దగ్గరికి పంపుతున్నాను.

ఉలవలు నేనే కలిపాను, రెండు పడులు. వారంలో ఆకు వేస్తుందని లెక్క కట్టాను. లెక్క తప్పలేదు, బుద్ధి తప్పింది.

పొద్దున బస్సెక్కి వచ్చాను. లోపలికి రాగానే ముందు పైరునే చూశాను. ఒక్క గింజ కూడా పోలేదు, సంతోషించాను. తర్వాత నిన్ను వెతికాను. కనబడలేదు. భుజం దగ్గర ఆకులు పక్కకు తోస్తుంటే కాపలాదారు, "తొడకూడాదు పెద్దాయనా" అంటూ వచ్చాడు. తాకకూడదట. "ఇది నా పెళ్ళామప్పా" అన్నాను. వాడు రెండడుగులు వెనక్కి వేసి జెనిఫర్‌ను పిలిచాడు. ఆమె లక్ష్మిప్రియను పిలిచింది.

బిడ్డ పరిగెత్తుకొచ్చి, "ఏమి చేస్తుండావు నాయనా?" అంది. "కలుపు తీస్తుండాను" అన్నాను. నీళ్ళ సీసా తెచ్చి నా ముందు పెట్టి, "తడిపి పీకు, మన్ను రాకూడదు" అంది. కలుపు తీయడం నాకు నేర్పుతోంది.

మెడ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే తీశాను. జనం చుట్టూ చేరి ఫోన్లలో వీడియో పట్టుకున్నారు. ఒక అమ్మాయి ఇది రోజూ ఎన్ని గంటలకు జరుగుతుందని అడిగింది. ఇంక జరగదని చెప్పాను. కల్యాణసుందరం అన్న కూడా వచ్చి ఉన్నాడు. చూస్తే చూడనీ అనుకుని నా పని నేను చేసుకున్నాను.

ఎడమ భుజం బయటపడింది. నువ్వు రాసినట్టే దిగి ఉంది. చేలో ఎప్పుడూ నువ్వే నా ముందు వంగి పోయేదానివి. ముప్పై ఏళ్ళు ఈ వీపు వెనకే నడిచాను చెన్నమ్మా. సాలు వంకర పోతోందా అనే చూశాను. ఈ భుజం ఎప్పుడు దిగిందో నాకు తెలియదు. సిగ్గుగా ఉంది.

నడుము దాకా వచ్చాను. ఆ గుంటలో నాలుగు మొక్కలు మిగిలాయి. పీకబోయి ఆగాను. తీయాలా ఉంచాలా, నీ వీపు, నువ్వే చెప్పాలి. హాలు ఆరింటికి మూస్తారట. నేను ఇక్కడే కూర్చుని ఉంటాను.

ఇట్లు,
నీ బావ